వీరాసామి సెట్టి కుర్చీ దులిపిన చరిత్ర

పుదుచ్చేరి చరిత్ర రాసినవాళ్ళకు కొదవలేదు. ఇంగిలీషువాళ్ళు వచ్చి కోట పడగొట్టిన సంగతి రాశారు. ఫ్రెంచివాళ్ళు మళ్ళీ వచ్చి, కాలువకు అవతల తమకూ ఇవతల మనకూ అని ఊరిని పంచిన సంగతి రాశారు. ఏ గవర్నరు ఏ ఓడ దిగాడో, దిగేటప్పుడు ఎండ కాసిందో వాన కురిసిందో అది కూడా రాశారు. కానీ గాజుల వీరాసామి సెట్టి కూర్చునే ముందు కుర్చీ దులిపేవాడన్న సంగతి మాత్రం ఒక్కడూ రాయలేదు. పెద్ద విషయాల మీద కన్నేసినవాడికి కాళ్ళ దగ్గరిది కనపడదు. ఆ లోటు ఇప్పుడు తీరుతుంది.

దులపడమంటే అందరూ దులిపినట్టు కాదు. ఎడమ భుజం మీది ఉత్తరీయం కుడిచేత్తో లాగి, ముందు కుర్చీ వీపు మీద ఒక విసురు విసిరి, తర్వాత కూర్చునే పలకను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తుడిచి, అంచుల వెంబడి గుడ్డ కొనతో గీరి, ఆపైన వంగి వెలుతురుకు ఏటవాలుగా చూసి, అరచేత్తో తడిమి, అప్పుడు కూర్చునేవాడు. కుర్చీ అయినా అంతే, అరుగయినా అంతే, జట్కాబండి పలకయినా అంతే. పెళ్ళిలో పీట దులుపుతూ ఉంటే ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు భుజం పట్టుకొని కూలేశాడని ఆయన భార్య అమ్మాయమ్మ ఎన్నేళ్ళయినా చెప్పుకొని నవ్వేది.

ఈ అలవాటుకు మూలం గాజుముక్క.

వీరాసామి తాతా తండ్రీ మలారం మోసినవాళ్ళు. తాళ్ళకు గుత్తులుగా గుచ్చిన గాజుల మోపు భుజాన వేసుకొని, ఉత్తరాన కాలాపేట దాకా, పడమట సేదరపేట్ దాకా నడిచి, గడప గడపకూ గాజులు తొడిగినవాళ్ళు. వీరాసామి కాలానికి మలారం భుజం దిగి, బజారు పక్క సందులో అంగడి అయ్యింది. గాజుల అంగట్లో కూర్చోవడమంటే మాటలు కాదు. చిట్లిన ముక్కలు చాప అల్లికలో దూరి, పలక సందుల్లో దూరి, మనిషి ఎప్పుడు కూర్చుంటాడా అని పొంచి ఉంటాయి. చిన్నతనంలో ఒకసారి చూసుకోకుండా కూర్చొని, ఆ తర్వాత చాలా రోజులు నిలబడి అన్నం తిన్నాడు వీరాసామి. చిన్నప్పుడు నేర్చిన చదువు మరుపు రాదంటారు. ఇదీ అటువంటి చదువే.

గాజులవాడికి ఇంకో విద్య కూడా రావాలి. అది పాట. బిగువు గాజు పిడికిలి కణుపుల దగ్గర ఆగినప్పుడు ప్రాణం జిల్లుమంటుంది. సరిగ్గా ఆ క్షణంలో గాజులవాడు ఒక పదం ఎత్తుకుంటాడు. ఏమంటున్నాడా అని ఆవిడ చెవి అటు పెట్టేలోగా గాజు మణికట్టుకు చేరిపోతుంది. వీరాసామి తొడిగితే నొప్పి తెలియదని ఊళ్ళో పేరు. రానురాను గాజులు తొడిగించుకునే ఆడవాళ్ళకంటే, అంగడి ముందు ఊరికే నిలబడి పాట వినే మగవాళ్ళు ఎక్కువైపోయారు. వాళ్ళు గాజులు కొనరు. పొమ్మంటే పోరు. వాళ్ళను ఏం చెయ్యాలో తోచక వీరాసామి వాళ్ళతో ఒక సభ పెట్టాడు. లలితకళలు చాలా దేశాల్లో ఇంతకంటే బలహీనమైన కారణాలకే పుట్టాయి.

దాని పేరు శ్రీ వేణునాద వినోద సభ. అందులో వేణువు ఊదేవాడు ఎవడూ లేడు. పేరు బాగుందని పెట్టారు.

సభ నడిపేవాళ్ళంటే పండితులు, పల్లకీ జమీందార్లు అనుకోవద్దు. రాజు వేషం కట్టేది తంగవేల్. అతడు నూలు మిల్లులో మేస్త్రి. మగ్గాల మోత మీద కేకలేసి కేకలేసి అతడి గొంతు ఆ ఎత్తునే గడ్డకట్టుకుపోయింది. రాణి చెవిలో రహస్యం చెప్పే ఘట్టం వచ్చిందంటే, ఆ రహస్యం వైతికుప్పంలో వలలు బాగుచేసుకుంటున్న బెస్తవాళ్ళకు కూడా తెలిసిపోయేది. మద్దెల వాయించేది చెల్లప్పన్. అతడిది రొట్టెల బట్టీ. వయసులో సైగోను వెళ్ళి, అక్కడి ఫ్రెంచి పటాలం వంటశాలలో పని చేసి వచ్చాడు. పిండి పిసికిన చేతులకు మద్దెల ఒక లెక్క కాదు. తెల్లవారితే గంప నెత్తికెత్తుకొని కాలువ దాటి దొరల ఇళ్ళకు రొట్టెలు వేసి వచ్చేవాడు. ఇక వీరాసామితో కలిపి నాలుగోవాడు పట్టాభి. అతడు కోర్టులో దుబాసి, అంటే సాక్షి అరవంలో ఏడ్చినదాన్ని జడ్జీకి ఫ్రెంచిలో ఏడ్చి వినిపించే ఉద్యోగం. కోటు తొడిగేవాడు, మేజోళ్ళు తొడిగేవాడు. అమ్మాయమ్మకు పెదనాన్న కొడుకు, వీరాసామికి వరసకు బావమరిది. సభ పుట్టిన రెండేళ్ళకు వచ్చి చేరాడు. ఈ చివరి ముక్కను వీరాసామి రోజుకొక్కరికైనా చెప్పనిదే నిద్రపోయేవాడు కాదు.

వీళ్ళలో ఎవరికీ జీతం లేదు, భత్యం లేదు. చాపలు పరిచేదీ వాళ్ళే, తెర కుట్టేదీ వాళ్ళే, గ్యాసులైటు ఆరిపోతే తిట్లు తినేదీ వాళ్ళే. ఆడేది తెలుగు నాటకం. తెలుగు అక్షరం చదవగలిగినవాడు మాత్రం సభలో లేడు. మాటలన్నీ అరవ అక్షరాల్లో రాసుకొని వల్లించేవాళ్ళు. దానివల్ల నాటకానికి కొత్తగా వచ్చిన చెడుపేమీ లేదు.

సభకున్న ఒకే ఒక్క నాటకం రత్నకేతు మహారాజు కథ. ఆడిన మాట కోసం రాజ్యం, గుర్రం, రాణి, ఆ వరసలో పోగొట్టుకొని తిరిగి సంపాదించుకునే రాజు కథ అది. ఏటా జూలై పద్నాలుగున, ఫ్రెంచివాళ్ళ పండుగ నాటి సాయంత్రం, తాటాకు పందిరిలో దాన్ని ఆడేవాళ్ళు. ఒక ఏడు ఎవరూ అనుకోని విశేషం జరిగింది. పట్టాభి కోర్టువాళ్ళ ద్వారా రాయబారం నడిపితే, నాటకం చూడటానికి సాక్షాత్తూ రేవు దొర వస్తానన్నాడు.

రేవు దొర అంటే సముద్రం మీదికి కట్టిన ఇనుప వంతెనకూ, దాని దగ్గర ఆగే ఓడలకూ అధికారి. అంతకుముందు యుద్ధపు ఓడలో ఫిరంగుల మీద పెత్తనం చేశాడు. మనిషి గంభీరం. జూలై పద్నాలుగు పొద్దున సముద్రపు ఒడ్డున ఫిరంగులు పేలిస్తే కాకులు లేచిపోయేవి, పసిపిల్లలు ఏడ్చేవాళ్ళు, వీరాసామి ప్రతి మోతకూ తల వంచేవాడు. దొర ఫిరంగి పక్కనే నిలబడి ఓడలు లెక్కపెట్టుకుంటున్నట్టు సముద్రం వంక చూసేవాడు. అదీ గుండెధైర్యమంటే అని ఊరంతా చెప్పుకున్నారు.

అటువంటి దొర వస్తున్నాడని పందిరి ముందువరసలో మూడు కుర్చీలు వేశారు. ఒకటి దొరకు. ఆయన కుడివైపుది దొరసానికి, అది వాళ్ళ మర్యాద. ఎడమవైపుది సభ పెద్దకు. సభ పెద్ద ఎవరని ఎవరూ అడగలేదు. వీరాసామి కూడా అడగలేదు. పెట్టినవాడే పెద్ద అని లోకమంతటికీ తెలుసుననుకున్నాడు. జరీ అంచు ఉత్తరీయం తీశాడు, మీసానికి నూనె రాశాడు. దొర వచ్చి కూర్చున్నాడు. దొరసాని కూర్చుంది. పందిరిలోని ఊరు ఊరంతా చూస్తూ ఉండగా వీరాసామి సెట్టి ఎడమ కుర్చీ దగ్గరికి నడిచాడు. ఉత్తరీయం లాగాడు. వీపు మీద ఒక విసురు, పలక అడ్డంగా, పలక నిలువుగా, అంచులు. వంగి ఏటవాలుగా చూసి నడుం ఎత్తేసరికి కుర్చీలో పట్టాభి ఉన్నాడు.

"మెర్సీ, బావా" అన్నాడు పట్టాభి, కాలు మీద కాలేసుకొని. ఫ్రెంచిలో దాని అర్థం, మేలు చేశావని.

కుర్చీలో కూర్చున్నవాణ్ణి లేపడానికి ఒక మొహం కావాలి. వీరాసామికి అది లేదు. ఉత్తరీయం భుజాన వేసుకొని వెనక్కి వచ్చి చాప మీద కూర్చున్నాడు, దులిపి.

అంతటితో పోతే బాగుండేది. మర్నాడు గాజులకు వచ్చిన కన్నియమ్మాళ్ ముంజేయి చాపుతూ, "ఎంత ప్రేమన్నా నీకు బావమరిది మీద! కుర్చీ తుడిచి మరీ కూర్చోబెట్టినావే! మా ఇంట్లో వాళ్ళూ ఉండారు, ఎందుకూ" అంది. ఆ రోజు ఆమెకు వీరాసామి పాట పాడకుండా గాజులు తొడిగాడు. బజారు చివర దాకా వినపడింది.

ఆనాటి నుంచి వీరాసామికి పట్టుకున్న జబ్బుకు వైద్యుల పుస్తకాల్లో పేరు లేదు. లక్షణాలు మాత్రం ఇవి. అన్నం ముందు కూర్చుంటే పట్టాభి నోరు, దొర చెవి కనపడేవి. ఆ రెండింటికీ మధ్య ఉన్న జానెడు జాగా కనపడేది. నాటకం నడిచినంతసేపూ పట్టాభి ఆ చెవిలోకి వంగి కథ చెప్పుతూనే ఉన్నాడు. దొర తల ఊపుతూనే ఉన్నాడు. రాజు గుర్రాన్ని అమ్ముకొని ఏడ్చేచోట దొర నవ్వాడు కూడా. ఏడ్చేచోట నవ్వించాడంటే వీడు చెప్పింది కథేనా?

"ఏంది, చెయ్యి కడుక్కోని గోడని చూస్తా ఉండావు?" అంది అమ్మాయమ్మ.

"మీ తమ్ముడు దొర చెవిలో ఏం చెప్తాడే అంతసేపు?"

"కథ చెప్తాడు. ఇంకేం చెప్తాడు, నీ మీద చాడీలా?"

"చెప్పడని ఏంది నమ్మకం?"

"నీ మీద చాడీ వినేదానికి దొరకి తీరిక ఉండొద్దూ? పులుసు చల్లారిపోతాది, తిను."

బజారులో కూడా గాలి మారింది. ఇరుసప్పన్ క్షౌరశాలలో ముందొచ్చిన వీరాసామి గడ్డం సబ్బునురగతో ఎండుతూ ఉండగా, వెనకొచ్చిన పట్టాభికి కత్తి నూరేవాడు ఇరుసప్పన్. "దొర చెవి దగ్గరికి పోయే మొహం కదన్నా, నున్నగా ఉండాల" అని సమాధానం. మీన్లు అమ్మే రాసాత్తి పెద్ద వంజరం చేపను ఆకు కింద దాచి పట్టాభికి ఇచ్చి, వీరాసామికి తోక పక్క చూపించేది. పట్టాభి రావడానికి రెండేళ్ళ ముందు నుంచీ సభ ఉందన్న మాట చెప్పబోతే, "ఆ కతలు విన్నాం లే సెట్టీ" అనేవాళ్ళు.

మరుసటి ఏడు వీరాసామి ఒక వ్రతం పట్టాడు. ఈసారి కుర్చీ దులిపేది లేదు. గాజుముక్క ఉంటే గుచ్చుకోనీ, నేరుగా పోయి కూర్చోవడమే. జూలై పద్నాలుగు వచ్చింది. దొర కూర్చున్నాడు, దొరసాని కూర్చుంది. వీరాసామి నేరుగా పోయాడు. కాళ్ళు మాట విన్నాయి, మనసు మాట విన్నది. చెయ్యి మాత్రం వినలేదు. అదంతట అది భుజం మీదికి వెళ్ళి, ఉత్తరీయం లాగి, వీపు మీద విసిరి, అడ్డంగా, నిలువుగా...

"మెర్సీ, బావా" అన్నాడు పట్టాభి.

ఆ తరువాతి ఏడు చేతిని నమ్మేది లేదని, ఉత్తరీయాన్ని నడుముకు చుట్టి ముడి మీద ముడి వేసుకున్నాడు. కుర్చీ దగ్గరికి పోయేసరికి చేతికి గుడ్డ దొరకలేదు. అంతటి ఆలోచన చేసిన వీరాసామి, నోరు ఒకటి ఉందన్న సంగతి మరిచాడు. వంగి, పలక మీద ఉఫ్ఫని ఊదాడు. మూడో ఊపిరి తీసుకొని తల ఎత్తేసరికి పట్టాభి మోకాళ్ళు కనపడ్డాయి.

"ఏంది బావా, ఊదినావు, విభూతి కూడా పెడతావా?" అన్నాడు పట్టాభి. వెనక చాపలవాళ్ళు నవ్వారు. ఫ్రెంచి రాకపోయినా వాళ్ళు నవ్వడం చూసి దొర కూడా నవ్వాడు, అంటే తెలుగు రాకపోయినా. కోపంలో ఏ భాష ఎవరికి రాదో కూడా వీరాసామికి తారుమారయింది.

ఆ రాత్రి పడుకొని ఆలోచిస్తే అసలు సంగతి తెలిసింది. కుర్చీ దక్కినా లాభం లేదు. దొర పక్కన మాట రాని బొమ్మలా కూర్చుంటే, పట్టాభి వెనక నిలబడి మెడ చాపి ఆ చెవిని అందుకుంటాడు. కావలసింది కుర్చీ కాదు, చెవి. చెవికి దారి ఫ్రెంచి. ఊళ్ళో ఫ్రెంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు కానీ, వాళ్ళ దగ్గరికి పోతే మర్నాటికి పట్టాభికి తెలుస్తుంది. వీరాసామి మధ్యాహ్నం అంగడి మూసి, చెల్లప్పన్ రొట్టెల బట్టీకి పోయాడు.

"నాకు ఫ్రెంచి నేర్పించరా చెల్లప్పా."

"గాజులకు ఫ్రెంచి యాడ కావాలన్నా?"

"కావాల. నువ్వు సైగోనులో ఉన్నావు గదా."

"ఉంటి. వంటశాలలో ఉంటి." చెల్లప్పన్ పిండిలో చేతులు పెట్టుకొనే ఆలోచించాడు. "నాకొచ్చిందంతా చెప్తా. రానిది నన్ను అడగొద్దు."

ఆ ఒప్పందం మీద చదువు మొదలైంది. రాజును ఏమంటారని అడిగాడు వీరాసామి. "మా వంటశాలలో రాజు లేడన్నా. పెద్ద వంటవాడుండె. ఆయనకన్నా పెద్దోణ్ణి నేను చూడలే" అన్నాడు చెల్లప్పన్. సరే, రత్నకేతు మహారాజు పెద్ద వంటవాడయ్యాడు. శత్రువుకు కుళ్ళిన గుడ్డు అనే మాట దొరికింది. యుద్ధానికి, ఎముకలు నరికేటప్పుడు అనే మాట ఒకటి సరిపోయింది. కోపానికి పొంగిపోయిన పాలు. ప్రేమ దగ్గర చెల్లప్పన్ చాలాసేపు తల గోక్కొని, జుట్టంతా పిండి చేసుకొని, "చక్కెర" అన్నాడు. ఏడాది తిరిగేసరికి కథ మొత్తం వంటింటి ఫ్రెంచిలోకి దిగింది. వీరాసామి గాజులు తొడుగుతూ పాటకు బదులు దాన్ని వల్లించుకునేవాడు. ఆడవాళ్ళకు అర్థం కాకపోయినా నొప్పి మాత్రం తెలిసేది.

ఒకనాడు పట్టాభి అంగడి ముందు ఆగాడు. "ఏం బావా, రొట్టెల బట్టీలో ఓనమాలు దిద్దతా ఉండావంట?"

"రొట్టెలు బాగుంటే తింటా ఉండా."

"తిను తిను. ఆ వయసుకి మెత్తనివే మంచివి."

వీరాసామి పట్టాభి కళ్ళలోకి నిదానంగా, నిండుగా చూశాడు.

అప్పటికి జూలై పండుగ వారంలోకి వచ్చింది. మర్నాడు పట్టాభికి కళ్ళకలక వచ్చింది.

మామూలుగా వచ్చింది కాదు. రెండు కళ్ళూ మిరపపళ్ళయి, రెప్పలు అంటుకుపోయి, చీకటి గదిలో తడిగుడ్డ వేసుకొని పడుకున్నాడు. ఆ మొహంతో దొర పక్కకు పోతే దొరకు అంటుతుంది, దొరకు అంటితే రేవు మూతపడుతుంది. అమ్మాయమ్మ తమ్ముణ్ణి చూసి వచ్చి, గడపలోనే నిలబడి మొగుణ్ణి చూసింది.

"నీ కండ్లే" అంది. "ఇన్నేండ్లు వాణ్ణి చూసిన చూపంతా ఒక్కసారే తగిలింది. నీ కండ్లలో నిప్పులు పొయ్య."

వీరాసామికి లోపల బాధ కలగాలి. వెదికి చూసుకున్నాడు. అక్కడొక మూల కొంచెం బాధ ఉంది. మిగతా ఇల్లంతా ఆనందం పరుచుకొని ఉంది. తన చూపుకు ఇంత శక్తి ఉందని ఇన్నాళ్ళూ తెలియనందుకు ఆశ్చర్యం కూడా వేసింది. ఆ బాధను పోషించడం ధర్మమని, రోజూ పొద్దున్నే నందివర్ధనం పూలు కోసుకొని తానే బావమరిది ఇంటికి పోయేవాడు. కళ్ళ మీద వేస్తే చలవ.

"ఎట్ట ఉండాది పట్టాభీ?"

"తగ్గతా ఉండాది బావా. పండగ నాటికి లేచి కూర్చుంటా."

"తొందరేం లేదు" అన్నాడు వీరాసామి, పువ్వు మీద పువ్వు పెడుతూ. "కండ్లు పోతే మళ్ళా రావు. పడుకో."

పండుగ నాడు మూడో కుర్చీ దగ్గర వీరాసామి ఒక్కడే నిలబడ్డాడు. ఆనాటి దులుపుడు గురించి ఊళ్ళో చాలాకాలం చెప్పుకున్నారు. వీపు ముందూ వెనకా, కాళ్ళు, కాళ్ళ మధ్య అడ్డకమ్మీ, ఏదీ వదల్లేదు. తంగవేల్ కిరీటం పెట్టుకొని తెర పక్కనుంచి, "ఇంకా కానియ్యన్నా, రాజ్యం పోగొట్టుకోవాల" అని గుసగుసలాడాడు, అంటే పందిరంతా విన్నది. వీరాసామి నిదానంగా కూర్చున్నాడు. కుర్చీ మెత్తగా లేదు. ఆ విషయం పట్టాభి ఎప్పుడూ చెప్పలేదు.

ఎడమవైపు తిరిగి చూస్తే ఏమీ లేదు. కుడివైపు తిరిగి చూస్తే చెవి ఉంది. ఇన్నేళ్ళు దూరం నుంచి చూసిన చెవి. దగ్గరి నుంచి దాని మీద తెల్ల వెంట్రుకలు, చుట్టూ సబ్బు వాసన. వీరాసామి గొంతు సవరించుకొని వంగాడు. పెద్ద వంటవాడు మాట ఇచ్చాడన్నాడు. కుళ్ళిన గుడ్డు వచ్చి వంటశాల అడిగిందన్నాడు. పెద్ద వంటవాడి పాలు పొంగాయన్నాడు. దొర తల ఊపాడు. రాణి గురించి చెప్పేటప్పుడు చక్కెర, చక్కెర, చాలా చక్కెర అన్నాడు. దొర ఇంకా బాగా తల ఊపాడు. వెనక వరసల్లో వీరాసామి నోటి వంక, ఆ నోటికీ చెవికీ మధ్య ఉన్న జానెడు జాగా వంక ఊరంతా చూస్తోంది. ఆ చూపుల బరువు వీపు మీద హాయిగా తగులుతోంది. తంగవేల్ గుర్రాన్ని అమ్ముకొని బొబ్బలు పెట్టి ఏడ్చేచోట దొర తొడ చరుచుకొని నవ్వాడు. అక్కడ వీరాసామి చెప్పింది, మాంసం అయిపోయింది అని. బాగా కుదిరిందనుకున్నాడు.

తెర పడ్డాక దొర లేచి, వీరాసామి చెయ్యి పట్టుకొని ఊపి, నవ్వుతూ ఏదో పొడుగాటి మాట చెప్పి వెళ్ళాడు. పట్టాభికి ఒక్క ఏడూ చెయ్యి ఇవ్వలేదు. ఆ సంగతి వీరాసామి ఇంటికి వచ్చేలోగా ఇంటికి వచ్చింది. అమ్మాయమ్మ మొగుడికి పీట వాల్చి, తానే కొంగుతో తుడిచింది.

మర్నాడు రాసాత్తి ఆకు ఎత్తి పెద్ద వంజరం చూపించింది. ఇరుసప్పన్ ముందు కూర్చోబెట్టాడు. నున్నటి గడ్డంతో, గురుదక్షిణగా ఒక కొత్త పంచె తీసుకొని, వీరాసామి చెల్లప్పన్ బట్టీకి పోయాడు. దొర ఎట్లా తల ఊపాడో, ఎక్కడెక్కడ నవ్వాడో, చెయ్యి ఎంతసేపు పట్టుకున్నాడో చెప్పాడు. చెల్లప్పన్ పొడుగు పారతో రొట్టెలు బట్టీలోంచి లాగుతూ అంతా విన్నాడు. విని, ఒక చిన్న మాట చెప్పాడు. అది విని వీరాసామి పక్కనున్న పిండి బల్ల మీద కూలబడ్డాడు.

దులపలేదు. చరిత్రలో అది ఒక్కటే సందర్భం.

"ముందే చెప్పకూడదా?" అన్నాడు.

"ఫ్రెంచి అడిగినావు, ఫ్రెంచి చెప్పితి" అన్నాడు చెల్లప్పన్.

వెనకంతా తెల్లగా పిండి అంటిన పంచెతో ఇంటికి వచ్చిన మొగుణ్ణి చూసి అమ్మాయమ్మ కొయ్యబారిపోయింది. ఎవరైనా పోయారా అని అడిగింది. ఎవరూ పోలేదన్నాడు.

మరుసటి జూలైకి పట్టాభి కళ్ళు నిగనిగలాడుతున్నాయి. ఆ కళ్ళలో మాత్రం కొత్త జబ్బు ఒకటి దిగింది. దొర సెట్టికి చెయ్యి ఇచ్చాడన్న మాట ఏడాది పొడుగునా అతడికి గుచ్చుకుంటూనే ఉంది. ఫ్రెంచిలో పరీక్షలు నెగ్గినవాడు తాను. రొట్టెలవాడి దగ్గర నేర్చినవాడు బావ. పండుగ నాడు అందరికంటే ముందు పందిట్లోకి వచ్చి, మూడో కుర్చీకి కావలి కాశాడు.

"నువ్వేం చెప్పినావు బావా ఆయనకి?"

"కతే."

"ఏ మాటలతో చెప్పినావు?"

"మంచి మాటలతోనే."

"నాకు చెప్పగూడదా?"

"నీకు రానిది నాకేం వచ్చు పట్టాభీ" అన్నాడు వీరాసామి.

దొర వచ్చి కూర్చున్నాడు. దొరసాని కూర్చుంది. బావాబావమరుదులు కుర్చీకి చెరోపక్క నిలబడ్డారు. పందిరి ఊపిరి బిగబట్టింది. వీరాసామి ఉత్తరీయం లాగాడు. వీపు మీద విసిరాడు, అడ్డంగా తుడిచాడు, నిలువుగా తుడిచాడు, అంచులు గీరాడు, వంగి చూశాడు, తడిమాడు. ఆపైన రెండు చేతులతో కుర్చీ చూపించి, "కూర్చో పట్టాభీ. నీకు తగిన చోటు" అన్నాడు.

పట్టాభి వెంటనే కూర్చోలేదు. కుర్చీ కాళ్ళు నాలుగూ కదిలించి చూశాడు. పలక కింద చెయ్యి పెట్టి చూశాడు. ఏమీ లేదని తేలాక అనుమానంగానే కూర్చొని, దొర చెవిలోకి వంగాడు. మెర్సీ చెప్పడం మరిచిపోయాడు.

వెనక్కి వచ్చి, చెల్లప్పన్ మద్దెల పక్కన చాప దులుపుకొని కూర్చున్నాడు వీరాసామి. నాటకం వంక చూడలేదు. పట్టాభి చమట తుడుచుకుంటూ, బావ చెప్పినదానికంటే బాగా చెప్పాలని చేతులు తిప్పుతూ, ఆ ఎడమ చెవిలోకి వంపిన ఫ్రెంచినంతా కళ్ళారా చూశాడు. ఇంత సుఖంగా ఆయన ఏ నాటకమూ చూడలేదు. దొర ఓడెక్కి తన దేశం పోయేదాకా ప్రతి ఏడూ ఆ కుర్చీ తానే దులిపి, తానే బావమరిదిని కూర్చోబెట్టాడు.

ఆ త్యాగం గురించి ఊరు ఎన్నో విధాలుగా అనుకున్నది. తిరుపతి పోయి వచ్చినాక మనసు మారిందన్నారు కొందరు. అయినవాళ్ళ కన్ను తీసిన పాపానికి ప్రాయశ్చిత్తమన్నారు కొందరు. గెలిచినవాడే ఇవ్వగలడని తంగవేల్ అన్నాడు, అది అందరికీ వినపడింది. అమ్మాయమ్మ అయితే, బంగారంలాంటి మనిషిని ఇన్నాళ్ళూ అపార్థం చేసుకున్నానని కొంగుతో కళ్ళు ఒత్తుకున్నది.

చెల్లప్పన్ ఆ రోజు రొట్టెలు లాగుతూ చెప్పిన మాట ఇది: ఓడలో ఫిరంగుల పక్కన ఉండి ఉండి దొరకు ఎడమ చెవి వినపడదు, రొట్టెలు వేసేవాళ్ళంతా కుడిపక్క నిలబడి మాట్లాడతారు.